బొటనవేలు చూసి పాసైన చెవులు

మా పెద్దమ్మ గొంతు గురించి ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే మధ్యలో జడుసుకుంటారు. ఆవిడ ఇంట్లో కూర్చుని "కాసిని మంచినీళ్లు" అంటే పక్కింటావిడ గ్లాసు పట్టుకొస్తుంది. వీధి మొత్తం ఆవిణ్ని మైకు అనే పిలుస్తుంది, అదీ మొహం మీదే. అందుకు ఆవిడకి కోపం రాదు. కోపం తెప్పించేవి వేరే ఉన్నాయి: గొణిగే మనుషులు, నింపమని ఇచ్చే ఫారాలు, "మళ్లీ రండి" అనే ఆఫీసులు. వీటిలో ఏది తగిలినా ఒంటికాలి మీద లేస్తుంది.

అలాంటి మనిషి ఇప్పుడు యూనివర్సిటీ కమిటీలో కూర్చుంటోంది. నిజమండీ. మూడు నెలలకోసారి మెత్తటి కుర్చీ, ముందు నీళ్ల సీసా, చుట్టూ డాక్టరేట్లు. కిందటిసారి ఒక పెద్దాయన తెరమీద బొమ్మలేసి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఈవిడ చెయ్యెత్తి, "బాబూ, ఇందులో మా వీధికి తెచ్చేదేంటి, మా వీధి నుంచి పట్టుకుపోయేదేంటి? ఆ రెండూ చెప్పి కూర్చో" అంది. ఆయన రెండోది మాత్రం చెప్పి కూర్చున్నాడు.

ఈ మర్యాదలన్నీ ఎలా మొదలయ్యాయంటే, ఒక పచ్చి మోసంతో. చేసింది మేమే. చేయించింది మా పెద్దమ్మ.

మాది మరమగ్గాల వీధి. పొడుగాటి రేకుల షెడ్డు, అందులో అరవై మగ్గాలు. పోగు మోసుకెళ్లే నాడా అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఆ చప్పుడుకి గోడలే కాదు, నోట్లో పళ్లు కూడా అదురుతాయి. పెద్దమ్మ అందులో ముప్పై రెండేళ్లు పనిచేసింది, ఒక్కతే నాలుగు మగ్గాలు చూసుకునేది. ఆవిడ కూతురు, అంటే నాకు చెల్లి వరస, ఆవిడ పక్క వరసలో. నేను చివరి గదిలో నూలు కండెలు చుట్టేదాన్ని. లోపల ఎవరి చెవిలో ఎవరు అరిచినా వినపడదు, అందుకని మేం అసలు గొంతే వాడం. ఉత్త పెదాలు కదుపుతాం, చాలు. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆరేడు మగ్గాల మీదుగా కబుర్లు సాగిపోతుంటాయి. ఎవరింట్లో గొడవైంది, ఎవరి పిల్ల ఎవరితో కనపడింది, అన్నీ. ఓనరు వచ్చి పక్కన నిలబడితే నవ్వుతూనే ఆయన్ని ఏడు తరాల వెనక్కి తీసుకెళ్లి తిట్టుకునేవాళ్లం. పాపం ఆయన మా క్రమశిక్షణకి మురిసిపోయేవాడు.

చప్పుడు గురించి మా పనివాళ్ల సంఘం ఓనరుని అడుగుతూనే ఉంది. మగ్గాల కింద రబ్బరు దిమ్మలు వెయ్యండి, చెవులకి తొడుగులివ్వండి, చెవులు తగ్గినవాళ్లని చప్పుడు లేని మడతల గదిలోకి మార్చండి అని. ఆయన అడ్డంగా ఎప్పుడూ తల ఊపడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. "తప్పకుండా! చెవులు పోయాయని చదువుకున్నవాళ్లతో రాయించుకు రండి" అన్నాడు. సరే, సంఘం యూనివర్సిటీకి ఉత్తరం పెట్టింది.

యూనివర్సిటీ వాళ్లు మాకు కొత్తేం కాదు. అంతకుముందు ఒక గుంపు వచ్చి మేం ఏం తింటామో రాసుకుపోయింది. ఇంకో గుంపు ఎంతసేపు నిద్రపోతామో రాసుకుపోయింది. మూడోసారి ఒక కుర్రది వచ్చి, "మీ ఆనందానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు?" అని అడిగింది. "నువ్వెళ్లాక చెబుతా" అంది పెద్దమ్మ. ఒక్కళ్లు కూడా తిరిగొచ్చి, ఇదిగో మీ గురించి ఇది తేలింది అని చెప్పిన పాపాన పోలేదు.

ఈసారి వచ్చినావిడని మేం ఫైలు మేడమ్ అన్నాం, చంకలో ఫైలు లేకుండా కనపడేది కాదు కనక. మంచి మనిషే. సంఘం గదిలో టేబుల్ వేసి, దానిమీద ఒక డబ్బా లాంటి మెషీన్ పెట్టింది. దానికి చెవులకి పెట్టుకునే గుండ్రటి బుట్టలు. మేడమ్ మీట నొక్కితే డబ్బాలోంచి సన్నగా కూత వస్తుంది, వినపడితే వేలెత్తాలి. అంతే పరీక్ష.

పరీక్షకి రెండు రోజుల ముందు ఓనరు షెడ్డులోకి వచ్చి ఎంతో బాధగా, "చెవులు పోయినవాళ్లని మగ్గం దగ్గర ఉంచడం ప్రమాదం కదమ్మా. అలాంటివాళ్లని ఇంటికి పంపాల్సొస్తుంది, నాకు మాత్రం ఇష్టమా?" అని ఒక ముక్క వదిలిపెట్టాడు. చెల్లి ఒళ్లో అప్పటికి మూడు నెలల పాప. మొగుడికి పనుంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. రెండు మగ్గాల మీదే ఆ ఇల్లు నడిచేది.

పరీక్ష రోజు పెద్దమ్మ అందరికంటే ముందు వెళ్లి కూర్చుంది. మేడమ్ పాపం మనసున్న మనిషి కదా, ఎదురెదురుగా కూర్చుంటే జనానికి భయం ఉండదని కుర్చీ తనకి ఎదురుగా వేయించింది. పది నిమిషాల్లో పెద్దమ్మ బయటికొచ్చింది. వరండాలో అరవై మందిమి నోళ్లు వెళ్లబెట్టుకుని నిలబడ్డాం. ఆవిడ చప్పుడు చెయ్యకుండా పెదాలు కదిపింది: "మేడమ్ బొటనవేలు చూడండి. నొక్కినప్పుడు లోపలికి వంగుతుంది. సన్నటి కూతకైతే కనుబొమ్మ కూడా లేస్తుంది."

ఇంకేం కావాలి? పుట్టినప్పట్నించీ మనుషుల మొహాలు చదువుకుని బతికేవాళ్లం. అందరం పాస్! డెబ్బై ఏళ్ల మగ్గాల మెకానిక్ ఉన్నాడు, ఆయన పెళ్లాం పిలవాలంటే చెప్పు విసురుతుంది, ఆయనకి పసిపిల్లాడి చెవులని తేలింది. మేడమ్ నాలుగుసార్లు డబ్బా విప్పి చూసుకుంది. అనుమానం రావాలి కదా? రాలేదు. చదువు ఎక్కువైతే అనుమానానికి బదులు సిద్ధాంతం వస్తుందనుకుంటా. ఏడాది తిరిగేసరికి పేపరు అచ్చయింది. చిన్నప్పట్నించీ చప్పుడులో పెరగడం వల్ల మా చెవులు చప్పుడుకి గట్టిపడ్డాయట! మాకెవరూ చెప్పలేదు. ఓనరుకి మాత్రం ఎలాగో అందింది. ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించుకున్నాడు. ఆ ఏడే ఇంకో పద్నాలుగు మగ్గాలు దింపాడు.

మేం మాత్రం మేడమ్‌ని బురిడీ కొట్టించామని చాన్నాళ్లు చెప్పుకుని నవ్వుకున్నాం. సిగ్గులేని నవ్వు, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఒకరోజు పనిలేక చెల్లి ఇంటికి వెళ్లాను. చెల్లి పెరట్లో ఇంటివైపు వీపు పెట్టి గిన్నెలు తోముకుంటోంది. పెద్దమ్మ వంటగదిలో ఉంది. మధ్య గదిలో పాప మంచం మీంచి జారి, కాలు మంచం పట్టీల్లో ఇరుక్కుని, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. మొహం కందగడ్డలా అయింది. నేను ఎత్తుకుని పరిగెత్తుకెళ్లి చెల్లి భుజం పట్టుకుని కుదిపితే గానీ అది తిరగలేదు. తిరిగి, పాపని చూసి, నన్ను చూసి, తడిచేతులతోనే పాపని లాక్కుంది. "ఎంతసేపట్నించి?" అంది. నాకేం తెలుసు ఎంతసేపట్నించో! నన్ను చూసి పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి కూతుర్ని వాయించేసింది: "పక్కనే పిల్ల ఏడుస్తుంటే చెవుడా నీకు?"

చెవుడే. ఎవరికీ తెలియకుండా రెండు బస్సులు మారి వేరే ఆస్పత్రికి తీసుకెళ్లాం. సగం పోయిందన్నాడు డాక్టరు. ఇదే చప్పుడులో ఇంకో రెండేళ్లుంటే ఆ మిగిలింది కూడా దక్కదన్నాడు. చెల్లి బయటికొచ్చి మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "షెడ్డులో ఎవరికైనా చెబితే నా మీద ఒట్టే" అంది.

పెద్దమ్మ మర్నాడు ఓనరు దగ్గరికి వెళ్లింది. పేరు చెప్పకుండా, రబ్బరు దిమ్మల మాట ఏమైందని అడిగింది. ఆయన గోడకున్న ఫ్రేము చూపించాడు. "మీ చెవులు దివ్యంగా ఉన్నాయని యూనివర్సిటీయే రాసిందమ్మా. నేను కాదనగలనా?" అన్నాడు. పెద్దమ్మ బయటికొచ్చింది. ఆవిడ మాట పడి తిరిగి అనకుండా రావడం నేను చూడ్డం అదే మొదలు. "నేనే చేశానే. నా కూతురి చెవులు నేనే అమ్మేశాను, అదీ తెలివిగా అనుకుని" అంది. ఆ రోజు ఆవిడ ఏడ్చింది. ఏడుపు కూడా మైకులోనే.

రెండో రోజు నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీకి బయల్దేరింది. గేటు దగ్గర కాపలావాడు ఎవరు కావాలని అడిగితే, "మా చెవుల మీద అబద్ధం రాసినావిడ" అని చెప్పింది. ఆ కేకకి వాడు లోపలికి వదిలేశాడు.

ఫైలు మేడమ్ మమ్మల్ని చూసి మురిసిపోయింది. కుర్చీలు వేసింది, టీ తెప్పించింది. పెద్దమ్మ టీ ముట్టుకోలేదు. మేడమ్ గదికి ఎదురుగా గాజు గోడలున్న పెద్ద గది, అందులో వాళ్ల శాఖకి పెద్దాయన ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తలుపులన్నీ మూసే ఉన్నాయి, ఒక్క ముక్క బయటికి రావట్లేదు. పెద్దమ్మ ఆయన వైపు చూస్తూ అప్పజెప్పడం మొదలెట్టింది:

"'మీటింగులో ఉన్నా బంగారం, ఇంకా ఏం తినలేదు'... అబద్ధం, మూతికి అంటుకునే ఉంది. పెట్టేశాడు. మళ్లీ ఎవరో చేశారు. 'ఆ చెవుల పేపరా? ఆలోచన మొత్తం నాదేనండీ. ఆవిడ ఊరికే వెళ్లి అంకెలు రాసుకొచ్చింది.'"

మేడమ్ మొహంలో మురిపెం పోయింది. ముందు ఆయన్ని చూసింది, తర్వాత పెద్దమ్మని, తర్వాత తన బొటనవేలిని. ఆవిడ తెలివి తక్కువది కాదు, కాస్త ఆలస్యం అంతే.

"ఎంతమంది?" అంది చివరికి.

"అందరం" అన్నాను నేను.

మేడమ్‌కి కోపం వచ్చింది. రావాలి కూడా. లేచి నిలబడి, "మీకోసమే కదండీ నేనొచ్చింది! నన్నెందుకు మోసం చేశారు?" అని అరిచింది. అంత మర్యాదస్తురాలు అరిచేసరికి పెద్దమ్మకి ఆవిడ మీద మొదటిసారి గౌరవం కలిగింది.

"చూడమ్మా, నువ్వు రెండు రోజులొచ్చావు. ఓనరు ముప్పై ఏళ్లుగా మా నెత్తినే ఉన్నాడు. మేం ఎవరికి భయపడాలి? రాశాక ఒక్కసారి, ఒక్క గంట, మా వీధికొచ్చి చదివి వినిపించి ఉంటే ఆ మెకానిక్ చెవుల దగ్గరే జనం పకపకా నవ్వేవాళ్లు. నీకప్పుడే తెలిసిపోయేది. నువ్వు రాలేదు" అంది పెద్దమ్మ. "తప్పు మాది. సగం నీది. ఇప్పుడు నా కూతురి..." అని ఆగిపోయింది, ఒట్టు గుర్తొచ్చి. "ఇప్పుడేం చేద్దాం?"

మేడమ్ చేసింది చెబుతాను, ఎందుకంటే అంత ధైర్యం నేనైతే చెయ్యను. ఆ పేపరు తప్పని తనే రాసి, అచ్చేసినవాళ్లకి పంపి, వెనక్కి తీసుకుంది. గాజు గది పెద్దాయన ఆరు నెలలు ఆవిడతో మాట్లాడలేదట. "అదే మంచిది, ఆయన మాట్లాడేదంతా అబద్ధాలే కదా" అంది పెద్దమ్మ. తర్వాత మేడమ్ వారం వారం వీధికి రావడం మొదలెట్టింది. ఫైలు లేకుండా. ఓనరుకి తెలియకుండా మా మనిషేనని చెప్పి ఒకసారి షెడ్డులో పూర్తి షిఫ్టు నిలబడింది. బయటికొచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఎనిమిది నెలల పాటు ఒక్క పరీక్ష కూడా పెట్టలేదు, ఊరికే వచ్చి కూర్చునేది. మొదట్లో విసుక్కున్నాం, తర్వాత రాకపోతే ఎందుకు రాలేదని అడగడం మొదలెట్టాం.

సంఘానికీ యూనివర్సిటీకీ మధ్య ఒక కాగితం రాసుకున్నారు. పెద్దమ్మ కేకలేసి చెప్పింది, మేడమ్ పద్ధతిగా రాసింది. ఏం తేలినా ముందు సంఘం గదిలో అందరికీ చదివి వినిపించాలి, తర్వాతే అచ్చు. పేర్లు ఓనరు దాకా వెళ్లకూడదు, ఎంతమందికి పోయిందన్న సంఖ్య మాత్రమే వెళ్లాలి. మెషీన్ తిప్పేది బయటివాళ్లు కాదు, మా వీధి ఆడవాళ్లు. దానికి నన్ను ఎంచారు. మూడు నెలలు నేర్పి నా తల ప్రాణం తోకకి తెచ్చారు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, వాటితో ముగించడం నాకిష్టం లేదు. మళ్లీ పరీక్షలయ్యాయి, నిజం తేలింది, ఓనరుకి రెండేళ్లు నిద్ర లేకుండా చేశాం, రబ్బరు దిమ్మలు పడ్డాయి, చెవితొడుగులొచ్చాయి, మడతల గదిలోకి పందొమ్మిది మంది మారారు, అదే జీతం మీద. మేడమ్ ఇప్పటికీ వస్తుంది. పదకొండేళ్లు. ఇప్పుడు వాళ్ల శాఖకి ఆవిడే పెద్ద, ఆ గాజు గోడలకి పరదాలు వేయించుకుంది. ఏటా కొత్త పిల్లల్ని తీసుకొస్తుంది, వాళ్లు ముందు ఒక నెల ఏమీ అడక్కుండా కూర్చోవాలి. ఇవన్నీ అయ్యాయి. కానీ రెండో పరీక్ష మొదటిరోజు పొద్దున ఇవేవీ జరిగేలా లేవు.

ఆ రోజు సంఘం గదిలో కుర్చీ గోడ వైపు తిప్పి వేశాం. కూర్చున్నవాళ్లకి సున్నం తప్ప ఏం కనపడదు. నేను వెనకాల టేబుల్ దగ్గర మెషీన్ ముందు. మేడమ్ కిటికీ పక్కన స్టూలు మీద. వరండా నిండా జనం. ఒక్కళ్లు లోపలికి రారు! కాగితం ఉంది, సంతకాలున్నాయి, అయినా భయం. అందరి కళ్లూ చెల్లి మీదే. మైకు కూతురే కూర్చోకపోతే మేమెందుకు కూర్చోవాలి అని.

చెల్లి గుమ్మం దగ్గర చంకలో పాపతో నిలబడి అడ్డంగా తలూపింది. "కాగితం చింపితే చిరుగుతుంది" అంది నాతో, పెదాలతోనే. "మగ్గాలు పోతే నువ్వు పెడతావా మాకు?" దాని మిగిలిన సగం చెవులూ నా చేతికింద ఉన్న డబ్బాలో ఉన్నట్టే ఉంది.

అప్పుడు పెద్దమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "తప్పుకోండి. పరీక్షంటే ఇంత భయమేంట్రా మీకు? నేను కూర్చుంటా. నావి పాము చెవులు, ఎలా వేలెత్తాలో చూసి నేర్చుకోండి. చూడవే, నీ కళ్లెదురుగానే!" అని కూతురికి చెప్పి, కుర్చీలో కూర్చుంది, గోడ వైపు. బుట్టలు నేనే పెట్టాను. వేలు సిద్ధంగా ఒళ్లో పెట్టుకుంది.

మొదటి కూత నొక్కాను. వేలు లేవలేదు. సరే, సన్నటిది కదా అనుకున్నాను. పెంచాను. లేవలేదు. మెషీన్ పాడైందేమోనని మేడమ్ వైపు చూశాను. మేడమ్ లేచి వచ్చి, ఇంకో జత బుట్టలు తన చెవికి పెట్టుకుని, వెంటనే తీసేసింది, అంత గట్టిగా వస్తోంది. ఇంకా పెంచాను. రెండో చెవికి మార్చాను. పూర్తిగా చివరి గీత దాకా తిప్పాను. గుమ్మం దగ్గరున్నవాళ్లకి కూడా ఆ కూత లీలగా వినపడుతోంది. పెద్దమ్మ గోడకేసి చూస్తూ, వెన్ను నిటారుగా పెట్టుకుని, ఎంతో బుద్ధిగా కూర్చుంది.

కాసేపటికి విసుగొచ్చి గోడతోనే, మామూలు తన గొంతుతో అంది:

"ఏమే, ఇంకా మొదలెట్టవేం? మూడు నెలలు నేర్చుకున్నది ఇదేనా? జనం పనులు మానుకుని వచ్చారు, కానీ!"

జవాబు చెప్పినా ఆవిడకి చేరదని అప్పుడే తెలిసింది నాకు. ఎన్నేళ్ల నుంచో. ఆవిడకి కూడా తెలియదు. మేమందరం ఎప్పుడూ ఆవిడకి ఎదురుగా నిలబడే కదా మాట్లాడాం.

చెల్లి పాపని పక్కావిడ చేతికిచ్చింది. లోపలికొచ్చి వాళ్లమ్మ భుజం మీద చెయ్యేసింది. పెద్దమ్మ తిరిగింది. "అయిపోయిందమ్మా, లే" అంది చెల్లి, గొంతు లేకుండా.

"అయిపోయిందా? ఏదీ?" అంది పెద్దమ్మ. కూతురి మొహం చూసింది, నా మొహం చూసింది. మొహాలు చదవడంలో ఆవిణ్ని మించినవాళ్లు లేరు. బుట్టలు తనే తీసి కూతురి చేతిలో పెట్టి, లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

చెల్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. గుమ్మం బయట జనం ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడడం మొదలెట్టారు. నేను నొక్కాను. పెద్దమ్మ నా బొటనవేలిని చూస్తోంది, కూతురి చేతిని చూస్తోంది. మళ్లీ నొక్కాను. మూడోసారి నొక్కాను. పెద్దమ్మ వేళ్లు నా భుజంలో దిగబడిపోయాయి.

నాలుగో కూతకి చెల్లి వేలు లేచింది.